నాటుకోడికి బర్డ్ ఫ్లూ రాదా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి దగ్గర పల్లెటూరు. ఇంటి దగ్గర పన్నెండు అసీలు పుంజులు, ఏడెనిమిది పెట్టలు, ఈ మధ్యే తెచ్చిన ఆరు కడక్‌నాథ్ నల్ల కోళ్లు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు పోయినప్పుడు మావాటికి ఏమీ కాలేదు. "నాటుకోడి రక్తమే వేరురా, ఆ జబ్బు లేయర్లకీ బాయిలర్లకే" అంటాడు మా బాబాయి. నిజమేనా? జాతిని బట్టి తేడా ఉంటుందా?

జవాబు: మీ బాబాయిగారి మాటలో కొంచెం నిజం ఉందండీ, కానీ ఆ కొంచెం మీ కోళ్లను కాపాడేంత కాదు.

ముందు కడక్‌నాథ్ సంగతి చెబుతాను. 2021 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఝాబువాలో, అంటే ఆ కోడి సొంతగడ్డ మీదే, ఒక ఫారంలో కడక్‌నాథ్‌లు హెచ్‌5ఎన్‌1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకి చచ్చిపోయాయి. భోపాల్ ల్యాబ్ నిర్ధారించింది. ధోనీ తన రాంచీ ఫారానికి 2,000 పిల్లలు ఆర్డరిచ్చింది కూడా అక్కడే కాబట్టి అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

జాతుల మధ్య తేడాలు అసలు లేవని కాదు. ఈజిప్టు ఫయూమి కోళ్లనూ గుడ్ల కోసం పెంచే లెగ్‌హార్న్‌లనూ పక్కపక్కన పెట్టి అమెరికాలో పరీక్షిస్తే ఫయూమి మెరుగ్గా తట్టుకుంది, కాకపోతే అక్కడ వాడింది హెచ్‌5ఎన్‌3లో బలహీనమైన రకం. ఎమ్‌ఎక్స్ అనే జన్యువులో చిన్న తేడా ఉన్న కోళ్లకు ఫ్లూ తక్కువని కూడా చాలాకాలంగా అంటున్నారు, ల్యాబ్‌లో కణాల మీద అది కనిపించింది కూడా, బతికున్న కోళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ పొంతన కుదరలేదు. మన ఊళ్లకు వచ్చిన హెచ్‌5ఎన్‌1 అలాంటి మెతక రకం కాదు, నిన్న సాయంత్రం గింజలు తిన్న కోడి తెల్లారేసరికి గంప కింద బిగుసుకుపోయి ఉంటుంది.

అసలు లోపం కోడి పుట్టుకలోనే ఉంది. వైరస్ లోపలికి రాగానే పసిగట్టి కణానికి కబురు చెప్పే రిగ్-ఐ అనే జన్యువు బాతులో ఉంది, కోడిలో లేదు. డేగ పుంజైనా, కాకి పుంజైనా, తెల్ల లెగ్‌హార్న్ అయినా ఇందులో అందరిదీ ఒకటే పరిస్థితి. 2023లో ఎడిన్‌బరోలోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏకంగా కోడిలోని వేరే జన్యువునే మార్చి చూశారు. మామూలు మోతాదు వైరస్‌కు 10లో 9 కోళ్లకు ఫ్లూ అంటలేదు, వెయ్యి రెట్లు ఎక్కించేసరికి సగం కోళ్లకు అంటుకుంది. పనిగట్టుకుని మార్చిన కోడికే అలా అయితే, పెరట్లో తిరిగే కోడి మీద ఎంత భరోసా పెట్టుకుంటాం?

మరి మీవాటికి ఎందుకు రాలేదంటే, చాలామటుకు వైరస్ వాటిదాకా రాకపోవడమే. షెడ్డులో వేల కోళ్లు ఒకే గాలి పీలుస్తాయి, పైగా గుడ్లు పెట్టే లేయరు ఏడాదికి పైగా అక్కడే ఉంటుంది, ఒక్కదానికి వస్తే షెడ్డంతా పోతుంది. మీవి పాతిక, అవీ చెల్లాచెదురుగా తిరుగుతాయి. కానీ అదే తిరుగుడు వాటికి ముప్పు కూడా. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు దిగుతాయి, వాటిలో కొన్ని జబ్బు పైకి కనపడకుండానే రెట్టల్లో వైరస్ వదులుతాయి, ఆ నీళ్లే మీ పెట్టలు తాగుతాయి. నీళ్ల గిన్నె మీద కొంగ వాలిందంటే ఆ నీళ్లు పారబోసి గిన్నె కడగండి, వీలైతే చూరు కిందకి మార్చండి.

ఇంకోటి, సంక్రాంతికి బరి దాకా వెళ్లొచ్చిన పుంజును తిన్నగా మిగతావాటిలో కలపొద్దు, మూడు వారాలు వేరే గంప, వేరే గిన్నె. లసోటా చుక్కలు వేశాం కదా అనుకోకండి, అవి కొక్కెర తెగులుకి, దీనికి పనిచేయవు.

మెడ వాలేసిన కోడిని "పోయేలోపు కోసేద్దాం" అనడం మన దగ్గర మామూలే, దయచేసి ఆ పని చేయకండి. 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే ఒక పసిబిడ్డ ఈ వైరస్‌తో చనిపోయింది. తాజ్‌మహల్ కట్టినంత కష్టపడి పెంచిన పుంజైనా సరే, రెండు మూడు ఒకేసారి పోతే ముట్టుకోకుండా పశువుల డాక్టరుగారికి ఫోన్ చేయండి. కాలవలో మాత్రం పడేయకండి, దిగువ ఊళ్లలో కూడా కోళ్లున్నాయి.