తలుపు తీసే ఉంచు అబ్బయ్యా

కావలి

అబ్బయ్యా,

నిన్న మీ అక్క ఫోన్లో చెప్పింది. నెల్లూరు వేదాయపాళెంలో నువ్వు అద్దెకుండే ఇంటి పక్కవాళ్ళ పిల్లిని రాత్రి తొమ్మిదింటికల్లా బయటికి తోలి తలుపేసుకుంటారంట. అది తెల్లవార్లూ మీ మెట్ల మీద ముడుచుకుని ఉంటోందంట. నువ్వు దాన్ని మచ్చిక చేసుకుని గదిలో పడుకోబెట్టుకోవాలని చూస్తున్నావంట. డ్యూటీ దిగి అలిసిపోయి వచ్చే మనిషికి మెట్ల మీది మూగజీవం కంటబడిందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ వెంటనే గుండె దడ కూడా పట్టుకుంది. ఆసుపత్రిలో కుక్కకాటు సూదులు వేసిన చేత్తో రాస్తున్నా, నిదానంగా చదువు.

ముందు పక్కింటికి పో. పిల్లి వాళ్ళది. "మీ పిల్లి రాత్రిపూట మా మెట్ల మీద పడుకుంటోందండీ, కాస్త తిండి పెట్టొచ్చా?" అని అడుగు, అంతే. బయట ఎందుకు వదిలేస్తున్నారని నిలదీయొద్దు. బియ్యం బస్తాల దగ్గర ఎలకల కోసం తెచ్చుకుని ఉంటారు, ఇంట్లో ఎవరికో ఆయాసం ఉండొచ్చు, లేదా అదే రాత్రికి బయటికి పోతానని గోల చేస్తుండొచ్చు. దాని పేరేంది, ఎన్నేళ్ళది, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, ఆపరేషన్ అయిందా అని మాటల్లో మాటగా కనుక్కో. ఆడపిల్లి అయితే ఐదారు నెలలకే ఎదకొస్తుంది, 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. ఆ సంగతి తెలియకుండా అది పడుకోవడానికి పెట్టె కట్టావంటే రేపు అందులో నాలుగు కూనలు ఉంటాయి. వాళ్ళు వద్దంటే తిండి పెట్టొద్దు. తిండి లేకుండా కూడా స్నేహం కుదురుతుంది, కాస్త ఆలస్యమవుతుంది.

ఇక తిండి. పాలు పొయ్యొద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. నువ్వు వండుకునే చేపల పులుసులో ముక్క అసలే వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను విరిచేస్తాయి, కడిగి పెట్టినా రసం ముక్కలో దిగే ఉంటుంది. ఎండు నెత్తళ్ళలో ఉప్పెక్కువ. పచ్చి చేప రోజూ తింటే బి1 విటమిన్ తగ్గిపోతుంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప, వొలిచిన రొయ్య, వీటిలో ఏదో ఒకటి 15 గ్రాములు చాలు. అంటే బొటనవేలంత ముక్క. నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి 200 నుంచి 250 కేలరీలు పడతాయి, నీ ముక్క అందులో పదోవంతు. అంతకు మించి పెడితే వాళ్ళింట్లో అన్నం మానేస్తుంది, అప్పుడు వాళ్ళకు నీమీద కోపం రావడం న్యాయమే.

రోజూ ఒకే వేళకు పెట్టు. నేలమీద కాదు, నాలుగో మెట్టు మీద పెట్టు. వీధికుక్కలు వస్తే అది పైకి ఎగబాకడానికి దారి ఉండాలి. ఇరవై నిమిషాల్లో గిన్నె తీసెయ్, లేకపోతే చీమలూ పందికొక్కులూ చేరతాయి. మట్టి మూకుట్లో నీళ్ళు మాత్రం రాత్రంతా ఉంచు, తిండికి నాలుగడుగుల దూరంలో. మే నెలలో రోజుకు రెండుసార్లు మార్చు.

ముక్క పెట్టి నువ్వు పది అడుగుల దూరంలో కూర్చో. నిలబడొద్దు, ఎదురుగా కూర్చోవద్దు, పక్కకు తిరిగి కూర్చో. కళ్ళలోకి గుచ్చి చూడొద్దు. అది నీవైపు చూసినప్పుడు రెప్పలు నిదానంగా వాల్చి తెరువు. అది కూడా అట్టా వాల్చిందంటే నీమీద గురి కుదురుతోందని లెక్క. ఫోన్ చూసుకుంటూ గమ్మున కూర్చుంటే చాలు. మూడు నాలుగు రోజులకు ఒకసారి ఒక్క అడుగు దగ్గరికి జరుగు. అది తినడం ఆపి తలెత్తి చూసిందా, నువ్వు మరీ దగ్గరికి వచ్చావు, మళ్ళీ వెనక్కి పో. కొన్ని పిల్లులకు వారం పడుతుంది, కొన్నిటికి మూడు నెలలు.

ఇప్పుడు నాకు భయం పుట్టించిన మాట, ఆ "గదిలో పడుకోబెట్టడం" గురించి చెబుతాను.

మీ నాన్నకు అప్పుడు పదేళ్ళు. కార్తీకమాసం ముసురు. పక్కింటి బూడిదరంగు పిల్లి మా పంచలో తడుస్తుంటే వాడికి జాలేసింది. గిన్నెలో పాలు చూపించి వంటింట్లోకి పిలిచాడు. అది గడప దగ్గర చాలాసేపు ఆగింది. ముందరి కాలు ఒకటి లోపల పెట్టి మళ్ళీ తీసింది. ఆఖరికి వచ్చి మూతి గిన్నెలో పెట్టింది. వాడు వెనకనుంచి పోయి తలుపేసి గొళ్ళెం పెట్టాడు.

గొళ్ళెం చప్పుడుకు అది ఎగిరి అటకెక్కింది. కొత్తచోట పిల్లి తిండినీ, బయటపడే దారినీ రెంటినీ కనిపెట్టుకుని ఉంటుంది. దారి మూసుకుపోతే ఇక తిండి కనబడదు, నువ్వు మంచివాడివో కాదో కనబడదు. చెవులు వెనక్కి అణిగిపోతాయి, కంటిపాప కన్నంతా నిండిపోతుంది, ఒళ్ళు సగానికి కుంచించుకుపోతుంది. ఆ వేళ తలుపు తీసి గదిలోంచి బయటికి వచ్చేస్తే అదే పోతుంది. వాడు అట్టా చెయ్యలేదు. భయపడిందని ఓదార్చబోయాడు. గోనెసంచి మీదేసి రెండు చేతులా పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో రెండు కోరలూ దిగాయి. వదిలేశాడు, అది కిటికీ ఊచల్లోంచి దూరి వానలోకి పోయింది.

తరువాత పెద్దవాళ్ళం చేసింది అంతకన్నా పెద్ద తప్పు. మీ నాయనమ్మ గాయంలో కారం కూరి సున్నం పట్టించింది. కారం, సున్నం, పసుపు, కిరసనాయిలు, ఇవేవీ క్రిమిని చంపవు. గాయాన్ని మండించి లోపల ఇంకా రేపుతాయి. పిల్లి కోర సూదిలాంటిది. పైన చుక్కంత రంధ్రం పడి గంటలో మూసుకుపోతుంది, లోపల చీము పట్టడానికి ఒక్క రాత్రి చాలు. తెల్లారేసరికి వాడి చెయ్యి మణికట్టు దాకా వాచింది. ఇక ఆ పిల్లి తిరిగి రాలేదు. కరిచిన పిల్లిగానీ కుక్కగానీ పది రోజులు కళ్ళముందు ఆరోగ్యంగా తిరిగితే, కరిచిన రోజు దాని చొంగలో రేబిస్ లేదని తేల్చుకోవచ్చు. అది కనబడకుండా పోయింది కాబట్టి తేల్చుకునే దారి లేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నాడు పిల్లవాడు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాతకాలపు మందును 2004 చివర్లో మనదేశంలో ఆపేశారు. నువ్వు ఆ బాధ ఎరగవు. పక్కింటివాళ్ళు మాత్రం నెలరోజులు సాయంత్రంపూట వీధి చివరిదాకా పోయి దాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు. మీ నాన్న అరుగుమీద కూర్చుని వింటూ ఉండేవాడు. ఆ సూదులకంటే వాడికి అదే ఎక్కువ నొప్పి.

అందుకే చెబుతున్నా, దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకుపోవద్దు. తలుపు బారెడు తెరిచి, నువ్వు గదిలో లోపలి గోడకు ఆనుకుని కూర్చో. తలుపుకూ దానికీ మధ్య నువ్వు ఉండకూడదు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టు. వస్తే రానీ, తిరిగి పోతే పోనీ. వాళ్ళు సరేనన్నా సరే, అది లోపలుండగా రాత్రి తలుపు మూసి పడుకోవద్దు.

తాకడం ఎట్టాగంటే, చూపుడువేలు దాని ముక్కు ఎత్తున చాపి కదలకుండా ఉంచు. అదే వచ్చి వాసన చూసి దవడ రుద్దితే అప్పుడు దవడ, గడ్డం కింద, చెవుల ముందు నిమురు. మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్. మళ్ళీ తల తెచ్చి ఆనిస్తే ఇంకో మూడు సెకన్లు. పొట్ట ముట్టుకోవద్దు, వెల్లకిలా పడుకుని పొట్ట చూపించినా సరే. తోక నిట్టనిలువుగా లేపి కొస వంచి వచ్చిందంటే నిన్ను పలకరిస్తోంది. తోక అటూ ఇటూ విసురుతోందన్నా, వీపుమీద చర్మం అలలాగా వణికిందన్నా, తల గిరుక్కున నీ చేతివైపు తిప్పిందన్నా ఇక చాలని అర్థం.

కరిచినా, నెత్తురు వచ్చేలా గీరినా, గడియారం చూసి పదిహేను నిమిషాలు కుళాయి నీళ్ళ కింద సబ్బుతో కడుగు. కట్టు కట్టొద్దు. అదేరోజు దర్గామిట్ట పెద్దాసుపత్రికి పో. "పిల్లే కదా, ఇంట్లోదే కదా" అనే మాట నాకు వినబడకూడదు. రేబిస్ సూది ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. చర్మంలో వేసేదైతే మొదటిరోజు, 3, 7, 28వ రోజుల్లో రెండు భుజాలకూ వేస్తారు. కండలో వేసేదైతే 14వ రోజు కూడా కలిపి ఐదుసార్లు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనూ, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (క్రిమిని అప్పటికప్పుడే అడ్డుకునే మందు) కూడా వెయ్యాలి, వెయ్యకపోతే నువ్వే అడుగు. పది రోజులు చూద్దామని మొదటి సూది ఆపొద్దు. ఉన్నట్టుండి పిల్లి చొంగ కారుస్తున్నా, ఏ కారణం లేకుండా మీదికి వస్తున్నా దగ్గరికి పోవద్దు, వాళ్ళకు చెప్పు. నాయనా, ఈ జబ్బు బయటపడ్డాక నేనే కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా, విసుక్కోవద్దు.

నీకు దాని నిద్ర మీదే కదా దిగులు? మన నెల్లూరులో చలి కాదు, వాన అసలు బాధ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రాత్రుళ్ళు తడవకుండా ఉంటే చాలు దానికి. చేపల మార్కెట్లో ఐస్ వేసే థర్మోకోల్ పెట్టె మూతతో సహా ఒకటి అడిగి తెచ్చుకో. సబ్బుతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టు. ఒక పక్కన ఆరంగుళాల రంధ్రం, ఎదుటి పక్క మూలన ఇంకొకటి కొయ్యి. ఒకే రంధ్రం ఉంటే కుక్క మూతి పెట్టినప్పుడు అది లోపలే చిక్కుకుపోతుంది. పెట్టెను రెండు ఇటుకల మీద ఎత్తు, మూతమీద ఇంకో ఇటుక పెట్టు. తుపాను గాలి మనకు తూర్పు, ఈశాన్యం నుంచి కొడుతుంది, రంధ్రాలు అటు లేకుండా చూసుకో. లోపల పాత చీర వెయ్యొద్దు, తడి పీల్చుకుని అట్టాగే ఉంటుంది. ఎండిన వరిగడ్డి పిడికెడు పిడికెడుగా పరువు, నెలకోసారి మార్చు. దాన్ని ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టొద్దు, తిండిగిన్నెను పెట్టె పక్కకు జరిపితే అదే దూరి చూసుకుంటుంది.

మీ ఇంటి ఓనరమ్మ మెట్లు ఫినాయిల్‌తో కడిగిస్తుంటే బతిమాలి మాన్పించు. పిల్లి ఆ మెట్లు తొక్కి పాదాలు నాక్కుంటుంది, అది దాని ఒంటికి విషం. కుక్కలకు చల్లే గోమార్ల పొడి, పారాసిటమాల్ బిళ్ళ, ఎలకల మందు, వీటిలో ఏదీ దాని దరిదాపులకు రానీయకు. ఒక్క పారాసిటమాల్ బిళ్ళ చాలు దాన్ని చంపడానికి. పొద్దున బండి తీసేముందు కిందికి వంగి చూడు. కారైతే బానెట్ మీద రెండుసార్లు తట్టు, వానాకాలం ఇంజన్ వెచ్చగా ఉంటుందని లోపలికి దూరతాయి.

ఇల్లు మారే పని ఉంటే ముందే చెప్పు. ఆఖరి రోజుదాకా పెట్టి ఒక్కసారిగా మానేస్తే అది ఖాళీ మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తుంది. నెలముందు నుంచి రోజు విడిచి రోజు, తరువాత వారానికి రెండుసార్లు అని తగ్గిస్తూ రా. పెట్టెను పక్కింటివాళ్ళ పంచలోకి మార్చడానికి వాళ్ళను ఒప్పించు.

ఈ ఆదివారం మీ నాన్న నెల్లూరు వస్తున్నాడు. వరిగడ్డి ఒక సంచెడు కట్టి వాడి చేత పంపిస్తున్నా. పిల్లి సంగతి వాడికి చెప్పాను. ఏమీ అనలేదు, సంచి మూతి తనే కుట్టాడు. వాడు ఉండగానే పక్కింటికి పోయి మాట్లాడిరండి. దాని పేరేందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మేనత్త