బిడ్డకు చెక్క మంచం మనమే చేసుకోవాలంటే రీపర్ల సందు దగ్గర మొదలుపెట్టండి

"అయిదు నెలల్లో మాకు మొదటి బిడ్డ పుట్టబోతోంది. వడ్రంగం పని కొద్దిగా వచ్చు. ఇంట్లోనే చెక్కతో చేద్దామనుకుంటున్నాను. ఉయ్యాల చేయాలా, మంచం చేయాలా? ఏ కర్ర? ఎంత కర్ర పడుతుంది? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగారు. నేను చేశాను. మా పాపకి ఇప్పుడు ఏడాదిన్నర, ఇంకా ఆ మంచంలోనే పడుకుంటోంది. కర్ర సంగతి తర్వాత చెబుతాను, ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మీరు అది చేయకపోతే చాలు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఊరి వడ్రంగి తాత దగ్గర చిత్రిక పట్టడం, ఉలితో బెజ్జం కొట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. మంచం పని మొదలుపెట్టినప్పుడు ఆయన్నే తోడు పిలిచాను. పొడుగు పక్కకు పదకొండు రీపర్లు, అంటే నిలువుగా నిలబెట్టే సన్న చెక్కపట్టీలు, వేద్దామనుకున్నాం. అంతకంటే ఏ లెక్కా వేయలేదు, కంటికి ఇంపుగా కనిపించింది అంతే. పై పట్టెలో, కింది పట్టెలో బెజ్జాలు కొట్టి, రీపర్ల కుసులు (బెజ్జంలో దూరేలా చెక్కిన కొసలు) దిగ్గొట్టి, ఆ పక్కను గోడకు ఆనించి మురిసిపోయాం. ఆ సాయంత్రం మా అక్క వచ్చింది. కాన్పుల వార్డులో నర్సు తను. చెప్పులైనా విప్పకుండా వచ్చి రెండు రీపర్ల నడుమ పిడికిలి పెట్టింది. పిడికిలి ఎక్కడా ఆగకుండా మోచేతి దాకా పోయింది.

"పిల్ల నడుము ఇంతకన్నా సన్నముంటది తమ్ముడూ. ముందు కాళ్లు పోతయి, ఎనకనే నడుము పోతది. తల కాడ ఆగుతది. తల ఆగితే పిల్ల యేలాడుతది" అంది.

నాకు నోట మాట రాలేదు. కొలిచి చూస్తే సందు దాదాపు 8 సెంటీమీటర్లు. ఉండాల్సింది 6కి మించకూడదు. అమెరికా ప్రమాణం కూడా ఇదే చెబుతుంది, రెండు రీపర్ల నడుమ రెండు అంగుళాల మూడు సూతులు, అంటే 6 సెంటీమీటర్లు, అంతకు మించి వద్దని. బిడ్డ శరీరంలో అన్నిటికంటే పెద్దది తల. కాళ్ల వైపు నుంచి జారితే ఒళ్లంతా బయటికి వచ్చేస్తుంది, తల ఒక్కటీ రాదు. అందుకే ఆ కొలత.

తాతకి చెబితే మొదట ఒప్పుకోలేదు. "అంత దగ్గర పెడితే పంజరం లెక్కుంటది బిడ్డా" అన్నాడు. అక్క చెప్పిన మాట చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. పొద్దున నేను వెళ్లేసరికి కొత్త పట్టెలకు గీతలు గీసి కూర్చున్నాడు. ముందుగా 6 సెంటీమీటర్ల వెడల్పు చెక్కముక్క ఒకటి కోసి నా చేతిలో పెట్టాడు, "ఇది ఏ సందులోనూ దూరొద్దు" అని. ఆ ముక్కని ఇప్పటికీ దాచుకున్నాను. నెలకోసారి అన్ని సందుల్లోనూ పెట్టి చూస్తాను, ఎందుకంటే ఎండకీ వానకీ కర్ర ఆడుతుంది, రీపరు ఒకటి వదులైతే పక్క సందు పెరుగుతుంది.

ఇక లెక్క. అన్నిటికంటే ముందు పరుపు కొనండి. మంచం చేశాక పరుపు వెతుక్కుంటే అంచుల్లో ఖాళీ మిగులుతుంది, బిడ్డ దొర్లి అందులో మొహం పెడితే ఊపిరాడదు. పరుపుకీ పక్కకీ మధ్య రెండు వేళ్లు దూరే చోటు ఉండకూడదు. నేను కొన్నది గట్టి కొబ్బరిపీచు పరుపు, 120 పొడవు, 60 వెడల్పు, 10 మందం, అన్నీ సెంటీమీటర్లలో. మంచం లోపలి కొలత 122కి 62 పెట్టుకున్నాను. రీపరు వెడల్పు రెండున్నర. పొడుగు పక్కకి 14 రీపర్లు వేస్తే కర్ర 35 పోతుంది, మిగిలిన 87ని 15 సందులకు పంచితే ఒక్కోటి 5.8 వస్తుంది. పొట్టి పక్కకి 7 రీపర్లు, 8 సందులు, ఒక్కోటి 5.6కి కాస్త తక్కువ. నేను మొదట చేసిన పదకొండు రీపర్ల లెక్క ఇలాగే వేసి చూడండి, 7.9 వస్తుంది. కాగితం మీద రెండు నిమిషాల పని, నేను వేయక రెండు టేకు పట్టెలు పోగొట్టుకున్నాను.

ఎత్తు విషయంలో కూడా అంతే. పరుపు ఆనే అడుగు నుంచి పై పట్టె దాకా కనీసం 66 సెంటీమీటర్లు ఉండాలి, అడుగును అన్నిటికంటే కిందికి దించినప్పుడు. నేను అడుగును నేల మీంచి 25 ఎత్తులో పెట్టాను, కాబట్టి మంచం కోళ్లు, అంటే మూలల్లో నిలబడే కాళ్లు, 91 వచ్చాయి. పుట్టిన కొత్తలో వంగి ఎత్తుకోవడానికి కాన్పైన తల్లికి నడుం నొప్పి, అందుకని అడుగు పెట్టుకునే బెజ్జాలు ఇంకాస్త ఎత్తులో కూడా కొట్టాను. పాప సొంతంగా కూర్చోవడానికి ప్రయత్నిస్తున్న రోజునే, అయిదో నెల దాటగానే, కిందికి దించేశాను. ఇంకో వారం ఆగుదాం అనుకోకండి. అడుగుకి ప్లైవుడ్ పలక వేయలేదు, రీపర్లే వేశాను. గాలి ఆడుతుంది, పక్క తడిసినా త్వరగా ఆరుతుంది.

కోళ్ల తలల మీద గుబ్బలు చెక్కించాలని అందరికీ ముచ్చట. వద్దు. కోడు తల పై పట్టెతో సమానంగా ఉండాలి. మన పిల్లలకి మొలతాడు ఉంటుంది, మెడలో దిష్టితాడు ఉంటుంది, పొడుచుకొచ్చిన గుబ్బకి అవి చిక్కుకుంటే నిలబడిన పిల్ల వేలాడిపోతుంది. మా మామయ్య ఒక పక్కని కిందికి జారే తలుపులా పెట్టమన్నాడు, ఎత్తుకోవడానికి సులువని. అమెరికాలో 2011 జూన్ నుంచి అలాంటి జారుడు పక్కల మంచాలు అమ్మడమే నిషేధం. బిగింపు వదులైతే ఆ పక్క జారి, పరుపుకీ చెక్కకీ మధ్య సందు పడి పిల్లలు ఇరుక్కుని చనిపోయారు. నాలుగు పక్కలూ కదలకుండా బిగించండి. కోళ్లకీ పట్టెలకీ మాత్రం మేకులు కొట్టకుండా బోల్టులు వాడండి, రేపు విప్పి దాచుకోవచ్చు.

కర్ర దగ్గరికి వస్తే, మా పాత పెంకుటిల్లు విప్పినప్పుడు దూలాలు, దర్వాజలు మిగిలాయి, అన్నీ టేకు. ఎన్నో ఏళ్లు ఎండిన కర్ర కాబట్టి వంకర పోదు, చేవ గట్టిగా ఉంటుంది. దూలాలు మాత్రమే కోయించాను, దర్వాజలు ముట్టుకోలేదు. వాటి మీద పొరలు పొరలుగా పాత రంగు ఉంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదని గట్టి నియమం వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకుముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో ఎవరు చెబుతారు? అలాంటి చెక్కని సాండ్‌పేపరుతో రుద్దితే సీసం పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. మీ దగ్గరా పాత తలుపులుంటే, ఎంత మంచి టేకైనా సరే, బిడ్డ మంచానికి వాడకండి. పాత దూలంలో విరిగిన మేకులుంటాయి, సామిల్లుకి పంపేముందు అయస్కాంతం పెట్టి వెతకండి. లేకపోతే బ్లేడు పోతుంది, కోసేవాడి వేళ్లకీ ప్రమాదం.

కొత్త కర్ర కొనేటట్టయితే, కోళ్లు, పట్టెలు, 42 రీపర్లు, అడుగు రీపర్లు అన్నీ కలిపి నాకు ఒకటిన్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పైన తేలింది. కోతలో, చిత్రికలో పోయేది కలిపి రెండున్నర సీఎఫ్‌టీ అనుకుని మీ ఊరి సామిల్లు రేటుతో గుణించుకోండి. తెల్లచెక్క (మాను బయటి వైపు ఉండే లేత కర్ర) ఉన్న ముక్క ఇస్తే తీసుకోకండి, చెద పట్టేది ముందు దానికే. టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఫెవికాల్ సరిగ్గా పట్టదు. అతికించే ముందు కుసిని థిన్నరు బట్టతో తుడిచి, ఆరాక రాయండి. టేకు పొట్టు చాలామందికి ముక్కు, చర్మం మంట పెడుతుంది, కాబట్టి మాస్కు పెట్టుకోండి, మీ ఆవిడని ఆ దరిదాపులకు రానివ్వకండి. నేను పనంతా గొడ్ల కొట్టంలో చేసి, బట్టలు మార్చుకునే ఇంట్లోకి వెళ్లేవాణ్ణి.

పైపూత మీద చాలా మథనపడ్డాను. చివరికి చపడా లక్కని (షెల్లాక్) స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పలుచగా ఆరేడు చేతులు పూశాను. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపు ఇచ్చేదీ లక్కే కదా. దాని బలహీనత ఒకటే, పాలు, ఉచ్చ పడి అలాగే ఉంటే తెల్ల మచ్చ వస్తుంది, వెంటనే తుడవాలి. అయినా నాకు అదే ఇష్టం, ఎందుకంటే ఏడో నెలలో పళ్లు వచ్చే వేళకి పాప పై పట్టెని చెరుకుగడలా కొరికింది. ఇప్పటికీ ఎడమ మూలన రెండు చిన్న గాట్లు పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ ఏ రంగు ఉందా అని నాకు భయం లేదు.

ఉయ్యాలా, మంచమా అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఉయ్యాలే కావాలి, నాకు తెలుసు. మేం ఇరవై ఒకటో రోజున తొట్టెల పండుగకి మా అమ్మమ్మ వాళ్ల పాత ఉయ్యాల తెచ్చి, పూలు కట్టి, పాటలు పాడి, బిడ్డని అందులో వేసి తీశాం. ముచ్చట తీరింది. రాత్రి నిద్రకి మాత్రం మంచమే. చీర ఉయ్యాలలో మనమంతా పెరిగాం, నిజమే. కానీ అందులో బిడ్డ వంగి పడుకుంటుంది, గడ్డం ఛాతీకి ఆనితే చిన్న గొంతులో ఊపిరి దారి ఇరుకవుతుంది. పగలు, పక్కన మనిషి కూర్చుని ఉన్నప్పుడు సరే. రాత్రంతా బల్లపరుపుగా ఉన్న గట్టి పక్క మీద, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆవాల దిండు, మెత్తటి బొంత, చుట్టూ కట్టే దిండ్లు ఏవీ లోపల వద్దు. ఆవాల దిండు తీసేయడానికి మా అత్తమ్మని ఒప్పించడానికి నాకు వారం పట్టింది, అక్కనే మళ్లీ పిలవాల్సి వచ్చింది.

దోమలకి తెర తప్పదు. దానికి సన్న రీపర్ల చట్రం చేసి మంచం బయటి వైపు బిగించాను, తెర అంచులు బయటికే దిగుతాయి, లోపల ఏ తాడూ వేలాడదు.

మీకు అయిదు నెలలుందన్నారు. పాలిష్ వాసన పూర్తిగా పోవడానికి మాకు దాదాపు నెల పట్టింది, కాబట్టి పని మూడు నెలల్లో ముగించి, మంచాన్ని గాలి తగిలే చోట పెట్టండి. పరుపు కొన్నాక దాని పొడవు, వెడల్పు, మీ రీపరు వెడల్పు ఇక్కడ రాయండి. ఎన్ని రీపర్లు, ఎంత సందు అనేది నేను లెక్క వేసి చెబుతాను, దాన్ని మీరు మళ్లీ ఒకసారి వేసి చూసుకున్నాకే ఉలి పట్టండి.