తుప్పు బండికి రంగు వేసేముందు

నాయనా, ఆశీస్సులు.

పాత పికప్ ట్రక్కు తెచ్చుకున్నావు, ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగావు. రంగు మాట చిట్టచివర. ముందు బండి కిందికి దూరి ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, చూడు. ఉత్త జాకీని నమ్మి కిందికి వెళ్ళకు. చదునైన గచ్చు మీద నిలబెట్టి, ఛాసిస్ కింద నాలుగు స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూశాకే వెళ్ళు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు, ఒక్కసారిగా పగిలిపోతాయి.

చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు చాలు. ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అలా పలికినచోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడువు. కమాను కట్టల బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే మౌంటింగులు, వెనక ఇరుసు మీద ఛాసిస్ వంపు తిరిగే చోటు బురద నిలిచే జాగాలు. పెచ్చులూడి మొన లోపలికి దిగిందంటే అది ఇంట్లో అతుకు వేసే పని కాదు. ఛాసిస్ పని తెలిసిన వెల్డరుకి చూపించు, అతను పెదవి విరిస్తే ఆ బండి వదిలెయ్. క్యాబిన్‌కి ఎన్ని చిల్లులున్నా బాగుచేసుకోవచ్చు.

విప్పేటప్పుడు ప్రతి భాగానికీ ముందు ఫోటో తియ్యి, దాని బోల్టులు విడి సంచిలో వేసి పేరు రాయి. బిగుసుకున్న బోల్టుకి తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున ఆరు మూలల సాకెట్ పెట్టి, ముందు కాస్త బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పు. తుప్పు పట్టు అప్పుడు వదులుతుంది. మొండికేసిందని పైపు తగిలించి లాగితే తల ఊడి చేతికొస్తుంది.

ఏళ్ళ తరబడి ఆగిపోయిన పెట్రోలు ఇంజనుకి వెంటనే స్టార్టరు కొట్టకు. స్పార్కు ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో చెంచాడు నూనె పోసి, రెండు రోజులాగి, ఇంజనుని తిప్పే ఇరుసు చివరుండే క్రాంకు బోల్టుకి స్పానరు పెట్టి చేత్తో తిప్పు. పాత పెట్రోలు పూర్తిగా తీసెయ్. బ్రేకుల రబ్బరు గొట్టాలు, చక్రం దగ్గర బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్లు బాగున్నట్టు కనిపించినా మార్చు, తుప్పు పట్టిన బ్రేకు పైపులూ మార్చు, బేరమాడకు.

ఇక తుప్పు. పెయింటు బొటనవేలి గోరంత ఉబ్బిందంటే లోపల అరచేయంత పోయి ఉండొచ్చు, ఎందుకంటే చాలాచోట్ల అది లోపలినుంచే వస్తుంది. తలుపు కింది అంచు, గడప (తలుపు కింద ఉండే బోలు పట్టీ), క్యాబిన్ మూలలు విప్పిచూస్తే అక్కడ మట్టి గడ్డకట్టి ఉంటుంది, నీళ్ళు పోయే రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. పైపైన గీకి పుట్టీ కొడితే వానాకాలం దాటదు.

చిన్న భాగాలకి కరెంటుతో తుప్పు వదిలించే తొట్టి మంచిది. ప్లాస్టిక్ తొట్టిలో పది లీటర్ల నీళ్ళకి రెండు మూడు పెద్ద చెంచాల చాకలి సోడా కలుపు. పన్నెండు వోల్టుల ఛార్జరు నెగటివ్ తీగ తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగ పాత ఇనుప ముక్కకి తగిలించు. రెండూ ఒకదానికొకటి తాకకూడదు. స్టీలు గిన్నెలాంటి స్టెయిన్‌లెస్ ముక్క పెట్టావా, నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, అందుకే ఆరుబయటే చెయ్యి, తీగలు ముట్టేముందు ఛార్జరు ఆపు. స్ప్రింగులు, హైటెన్సైల్ (బాగా గట్టి ఉక్కు) బోల్టులు ఇందులో వెయ్యకు, పెళుసెక్కుతాయి. తీసిన భాగాన్ని కడిగి, ఆరబెట్టి, అదే రోజు ప్రైమరు కొట్టు. లేకపోతే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది.

రేకు చిల్లుపడినచోట మెరిసే ఇనుము వచ్చేదాకా కోసి, అంతే మందం రేకు అతుకు. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగలు రెండూ విప్పు, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టు. ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండు ట్యాంకుకంటే ప్రమాదం. బ్రేక్ క్లీనరుతో తుడిచిన ఇనుము మీద వెల్డింగు చెయ్యకు, క్లోరిన్ ఉన్న రకమైతే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. గడప కోసేముందు తలుపు సందుకి అడ్డంగా ఒక కడ్డీ వెల్డు చెయ్యి, లేకపోతే క్యాబిన్ వంగి తలుపు మళ్ళీ పడదు. ఒకేచోట గీత లాగకుండా ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి చల్లారనివ్వు, రేకు మెలిక పడదు.

ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమరు, దానిమీద పుట్టీ. పుట్టీ మందం మూడు మిల్లీమీటర్లు మించిందంటే రేకు సరిగ్గా కొట్టలేదని అర్థం. రంగుకి ముందు నునుపు కోసం కొట్టే మామూలు సర్ఫేసరు నీళ్ళు పీలుస్తుంది, దానితోనే బండిని నెలల తరబడి బయట వదలకు. హార్డెనరు (గట్టిపరిచే ద్రవం) కలిపే స్ప్రే పెయింటులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేటు ఉంటుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంట్లో అయితే ఎనామిల్ పలచగా, కోటు తర్వాత కోటు, రోలరుతో వెయ్యి.

రంగు ఆరాక గడపల్లో, తలుపుల్లో క్యావిటీ మైనం (బోలు భాగాల లోపల తుప్పు ఆపేది) పిచికారీ చెయ్యి. ఎండకి అది కారి నీళ్ళు పోయే రంధ్రాలు మూసేస్తుంది. వారం తర్వాత సన్నని తీగతో ఒక్కొక్కటీ పొడిచి తెరువు.

ఇట్లు,
పెదనాన్న