పాదం ఎక్స్‌రేలో ఎముక ఎంత పెద్దదైంది?

ప్రశ్న: ఒకే రోగికి పాదం ఎక్స్‌రే రెండుచోట్ల తీశారు. బొటనవేలి వెనకుండే మొదటి మెటాటార్సల్ (పాదంలోని పొడవాటి ఎముక) పొడవు ఒకదాంట్లో 67 మి.మీ., ఇంకోదాంట్లో 71 మి.మీ. వచ్చింది. రెండుచోట్లా ట్యూబ్ నుంచి డిటెక్టర్‌కి (చిత్రం పడే పలకకి) దూరం 100 సెం.మీ.యే. ఏది నమ్మాలి?
– ఒక టెక్నీషియన్, కొత్తపేట, గుంటూరు

జవాబు: రెండూ అసలు కొలతలు కావు. కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి కాబట్టి డిటెక్టర్‌కి ఎముక ఎంత ఎడంగా ఉంటే నీడ అంత పెరుగుతుంది. ఫోకల్ స్పాట్ (ట్యూబ్‌లో కిరణాలు పుట్టే చోటు) నుంచి డిటెక్టర్‌కున్న దూరాన్ని, ఫోకల్ స్పాట్ నుంచి ఎముకకున్న దూరంతో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్, అంటే నీడ ఎన్ని రెట్లయిందో. పాదం నేరుగా క్యాసెట్ (డిటెక్టర్ ఉండే పెట్టె) మీదుండి, ఎముక 3 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి: 100/97, అంటే 1.03. క్యాసెట్ టేబుల్ కింద బకీ ట్రేలో ఉంటే మరో 6 సెం.మీ. ఎడం చేరుతుంది: 100/91, అంటే 1.10. 65 మి.మీ. ఎముక నేరుగా క్యాసెట్ మీద తీస్తే 67, బకీలో తీస్తే 71. మీ తేడాకీ కారణం ఇదే కావచ్చు. క్యాసెట్ ఎక్కడ పెట్టారో ముందు అడగండి.

లెక్కకంటే స్టీలు గుండు నయం: సైజు తెలిసిన గుండుని ఎముక పక్కన పెట్టి తీస్తే, దాని నీడ ఎంత పెరిగిందో చూసి ఎముక అసలు పొడవు తేల్చొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల షాపుల్లో అడిగి చూడండి. 25 మి.మీ. అని ఇచ్చింది అంగుళం గుండు, అంటే 25.4 కావచ్చు, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. కింద థర్మోకోల్ ముక్క పెట్టి, గుండు మధ్యభాగం ఎముక ఎత్తుకి వచ్చేలా, ఎముక మీద పడకుండా పక్కన టేపుతో అంటించండి. చాలామంది తప్పేది ఈ ఎత్తు దగ్గరే. క్యాసెట్ మీదే పెట్టేస్తే గుండు తక్కువ పెరుగుతుంది, ఎముక ఎక్కువ పెరుగుతుంది. 100 సెం.మీ. దూరంలో సెంటీమీటరు ఎత్తు తేడాకి సుమారు 1 శాతం పొరపాటు.

25 మి.మీ. గుండు చిత్రంలో 26.2 వస్తే మాగ్నిఫికేషన్ 1.048. ఎముక 68 చూపిస్తే 68ని 1.048తో భాగించండి, 64.9. ట్యూబ్ వంచి తీస్తే గుండు కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడు చిన్న వ్యాసమే తీసుకోవాలి. గుండు లేకపోతే పది రూపాయల నాణెం (27 మి.మీ.) పనికొస్తుంది, డిటెక్టర్‌కి సమాంతరంగా ఉంటేనే.

గుండు సరిచేసేది పెరుగుదలనే. మెటాటార్సల్ వాలుగా ఉంటుంది కాబట్టి ట్యూబ్ కోణం మారితే పొడవూ మారుతుంది. పాత ఎక్స్‌రేతో పోల్చాలంటే కోణం కూడా అదే ఉండాలి. పక్కనుంచి తీసేటప్పుడు చిటికెనవేలి వైపు క్యాసెట్‌కి ఆనితే ఐదో మెటాటార్సల్ దగ్గర, మొదటిది ఎడంగా ఉంటాయి. ఏ ఎముక కొలవాలో ఆ ఎముక దూరంలోనే గుండు పెట్టాలి.

బొటనవేలి వంకర కోణం మాత్రమే కావాలంటే ఈ తంటా అక్కర్లేదు, మాగ్నిఫికేషన్‌తో కోణం మారదు. ప్రింటులో బొమ్మ కుదించుకుపోయినా గుండూ ఎముకా ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి లెక్క చెడదు. వాట్సాప్‌లో ఏటవాలుగా తీసి పంపిన ఫొటో మీద మాత్రం కొలవకండి.