ఉన్‌ర్వాకు దేశాల దౌత్య మద్దతు వల్ల ఒరిగేదేమిటి?

పాలస్తీనా శరణార్థులకు సాయపడే ఐక్యరాజ్యసమితి సంస్థ ఉన్‌ర్వాకు దేశాలు సభల్లో పలికే మద్దతు వల్ల ప్రయోజనం ఉందా అన్నది ప్రశ్న. ఉంది, కానీ అది సగమే.

1949 డిసెంబరులో సర్వప్రతినిధి సభ 302వ తీర్మానంతో ఏర్పరచిన ఈ సంస్థ శాశ్వతమైనది కాదు. సాధారణంగా మూడేళ్లకోసారి సభ్యదేశాలు ఓటు వేసి దాని గడువు పొడిగించాలి. గాజా, వెస్ట్‌బ్యాంక్, జోర్డాన్, లెబనాన్, సిరియాలలో బడులూ ఆరోగ్య కేంద్రాలూ నడిపే అధికారం ఆ ఓటు నుంచే వస్తుంది. జీతాలు మాత్రం ఓటుతో రావు. సమితి సాధారణ బడ్జెట్ ప్రధానంగా అంతర్జాతీయ సిబ్బంది ఖర్చుకే సరిపోతుంది. శిబిరంలో పాఠం చెప్పే పంతులు (చాలావరకు ఆయనా శరణార్థే) జీతం దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాల మీదే ఆధారపడుతుంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ చేసిన దాడిలో ఈ సంస్థ ఉద్యోగులు కొందరి పాత్ర ఉందని ఇజ్రాయెల్ ఆరోపించడంతో 2024 జనవరిలో అమెరికా సహా పలు దేశాలు నిధులు ఆపేశాయి. అమెరికాను మినహాయిస్తే చాలా దేశాలు తర్వాత పునరుద్ధరించాయి. భారత్ 2018 నుంచి ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తోంది.

డబ్బున్నా సరుకు సరిహద్దు దాటాలి. ఆ సంస్థతో తన అధికారులెవరూ సంబంధం పెట్టుకోరాదని ఇజ్రాయెల్ పార్లమెంటు 2024 అక్టోబరులో చట్టం చేశాక, వీసాలకూ అనుమతులకూ ఇతర దేశాల రాయబారులు నెరపే ఒత్తిడే, నా దృష్టిలో, తీర్మానాల కంటే విలువైన మద్దతు.