మొదటి సర్వేకు ఒప్పుకున్న కుటుంబాలు రెండోసారి ఎందుకు దొరకడం లేదు?

పిల్లల మొండితనం, కొట్లాటలు ముదరకముందే తల్లిదండ్రులకు క్లాసులు పెడితే ఫలితం ఉంటుందా అన్నది మీ అధ్యయనం. పరకాల వైపు చేరినవాళ్లు మూడు నెలలకే ఫోన్ ఎత్తడం లేదని రాశారు. అటువైపే ఇలాంటి ప్రాజెక్టులో నేను రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగాను.

ముందు వాళ్లను ఎవరితో పిలిపించారో చూసుకోండి. మేం అంగన్‌వాడీ టీచరుతో చెప్పించాం, వారంలో అందరూ సంతకాలు పెట్టారు. మురిసిపోయాం. కాదంటే పిల్లలకు గుడ్లు ఆపేస్తారేమోనని పెట్టారని చాలా ఆలస్యంగా తెలిసింది! ఆ సంతకాలు రెండో విడత దాకా నిలవలేదు. తర్వాత మేమే ఇళ్లకు పోయి, రాకపోయినా ఏదీ ఆగదని చెప్పి మళ్లీ అడిగాం. కొందరు వద్దన్నారు, ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా ఉన్నారు.

రెండోది కరపత్రం. మా దాని మీద ‘ప్రవర్తనా సమస్యల నివారణ’ అని ఉండేది. ఒకమ్మ చదివించుకుని, "మా పోరనికేమన్న పిచ్చి లేసిందా మేడం?" అని తలుపేసింది. పైన ‘పిల్లల పెంపకం ముచ్చట్లు’ అని మార్చాం. సమ్మతి పత్రంలో మాత్రం ఏదీ దాచలేదు, ఎస్‌డీక్యూ అనే పిల్లల ప్రవర్తన ప్రశ్నావళిలోని 25 ప్రశ్నలు ఎందుకో విడమరిచి చెప్పాం. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది, మరవకండి.

పత్తి ఏరేటప్పుడు పగలు పోతే ఇంట్లో ముసలమ్మ తప్ప ఎవరూ ఉండరు. కైకిలి వదులుకుని మీ కోసం ఎవరు కూర్చుంటారు? రాత్రి ఏడు తర్వాత పోండి. మేం 2024 ఫిబ్రవరిలో ఫాలోఅప్ సరిగ్గా మేడారం జాతర వారంలో పెట్టుకుని, తాళాలు చూసి తిరిగొచ్చాం. క్యాలెండర్ చూసే తెలివి కూడా లేకపోయింది.

తల్లి ఫోన్‌లో రీచార్జ్ అయిపోతే మీకు దారి మూసుకున్నట్టే. ఆమెనే అడిగి అక్కదో, తమ్ముడిదో ఇంకో రెండు నంబర్లు రాసుకోండి. సూరత్, భివండి మగ్గాలకు వలసపోయిన కుటుంబాలు మాకు అలాగే దొరికాయి.

క్లాసులు మానేసినవాళ్ల పేర్లు కొట్టేయకండి. మా దగ్గర ముందు జారిపోయింది ఇంట్లో గొడవలు ఎక్కువున్నవాళ్లే. మిగిలినవాళ్లనే లెక్కేస్తే క్లాసులు ఉన్నదానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తాయి. క్లాసుకు రాకున్నా ప్రశ్నలకు జవాబు చెప్తారా అని ఒకసారి అడగండి. వద్దంటే వదిలేయండి.

పోల్చి చూడడానికి క్లాసులు పెట్టకుండా ఉంచిన గ్రూపువాళ్లకు, చివరి సర్వే అయ్యాక వాళ్లకూ పెట్టే ఉద్దేశం ఉంటే, మొదటిరోజే చెప్పండి. మేం చెప్పలేదు. "వాళ్లకు చెప్తిరి, మాకేం పాపం?" అని ఏడాదంతా తిట్లు తిన్నాం.