బస్తీలో పని మొదలుపెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలూ,

విద్యార్థులనూ తోటి అధ్యాపకులనూ కూడగట్టుకొని, మీ విశ్వవిద్యాలయం గోడ అవతల ఉన్న బస్తీతో కలిసి పని చేయబోతున్నావని మీ అమ్మ చెప్పి, నీ ప్రణాళిక కూడా పంపించింది. విన్నప్పటి నుంచీ గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. గర్వం ఎందుకో నీకు తెలుసు కనుక, గుబులు సంగతే రాస్తున్నాను.

విభాగం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఏ విద్యార్థినీ ఒంటరిగా ఎవరింటికీ పంపకు. అడగకుండా ఫొటోలు తీయనివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా విభాగంలోని సీనియర్ అధ్యాపకుడొకాయన ఇలాంటి పనే తలపెట్టారు. మంచి మనిషి, పేదలంటే నిజమైన అభిమానం ఉన్నవారు. ఆయన విద్యార్థులు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎంత సంపాదిస్తున్నారు, ఎంత అప్పు ఉంది, ఎవరికి ఏ జబ్బు ఉంది అంటూ పొడవాటి ప్రశ్నావళి నింపారు. జనం పనులు మానుకొని కూర్చొని, దగ్గరి బంధువులకైనా చెప్పుకోని విషయాలు ఆ పిల్లలకు చెప్పారు. సెమిస్టర్ ముగిసింది, నివేదికకు అట్ట వేశారు, మార్కులు పడ్డాయి, అందరూ పరీక్షల్లో మునిగిపోయారు. బస్తీకి మాత్రం ఒక్క కాగితమూ తిరిగి వెళ్లలేదు. సాయంత్రం పూట మొదలుపెట్టిన ట్యూషన్ కూడా చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. చిన్నపిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి, తలుపుకు తాళం చూసి, కాసేపు మెట్ల మీద కూర్చొని వెళ్లిపోయేవారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మరుసటి ఏడాది కొత్త విద్యార్థులు అదే ప్రశ్నావళి పట్టుకొని వెళితే, ఒకావిడ గుమ్మంలోనే నిలబడి, “పోయినేడు చెప్పిందంతా ఏం చేశారో ముందు అది చెప్పండి” అని అడిగింది. ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు, అతన్ని పంపిన మాస్టారి దగ్గరా లేదు. ఆ తరువాత చాలా ఏళ్లపాటు ఆ వీధుల్లో మా విశ్వవిద్యాలయం పేరు చెబితే తలుపు తీసేవారు కాదు. అంత ప్రేమ ఉన్న మనిషి చేతుల మీదుగానే అది జరిగింది కనుక, నీ మంచితనం ఒక్కటే నాకు ధైర్యం ఇవ్వడం లేదు.

ఈ పనికి పూర్వులు లేకపోలేదు. 1884లో లండన్‌లోని పేదల పేట ఈస్ట్ ఎండ్‌లో టాయిన్‌బీ హాల్ అనే సేవాకేంద్రాన్ని ప్రారంభించిన బార్నెట్ దంపతులు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదివిన యువకులను ఆ పేటలోనే కాపురం ఉండమన్నారు. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ స్థాపించిన హల్ హౌస్‌లోనూ అదే పద్ధతి. అక్కడ నివసించిన ఫ్లోరెన్స్ కెల్లీ చుట్టుపక్కల ఇరుకు గదుల్లో బట్టలు కుట్టేవారి స్థితిగతులను పరిశీలించి అంతటితో ఊరుకోలేదు. 14 ఏళ్లలోపు పిల్లలను కార్ఖానాల్లో పెట్టుకోరాదన్న 1893 నాటి ఇల్లినాయ్ చట్టం కోసం పోరాడి, దాని అమలుకు తొలి ప్రధాన తనిఖీ అధికారిగానూ పనిచేశారు. ఆ వీధుల్లో సేకరించిన సమాచారం ఆ వీధులకే ఉపయోగపడింది.

నీ విద్యార్థులు అక్కడ కాపురం ఉండలేరు, నిజమే. అందుకే వాళ్ల రాకపోకల విషయంలో నువ్వు రెట్టింపు జాగ్రత్త పడాలి. కానీ నీ పన్నెండు వారాల ప్రణాళికలో బస్తీవాళ్లతో మొదటి సమావేశం ఐదో వారంలో కనిపించింది! చూసి కోపం వచ్చింది. మరి ఆ నాలుగు వారాల్లో చేసే పనులను ఎవరిని అడిగి నిర్ణయించావు? అమెరికాలో ప్రభుత్వ విధానాల నిపుణురాలైన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించినప్పుడు, అభిప్రాయం అడగడాన్ని నాలుగో మెట్టు మీదే ఉంచి, కలిసి నిర్ణయించడాన్ని ఆరో మెట్టు మీద పెట్టింది. నువ్వు ఇంకా నాలుగో మెట్టు కూడా ఎక్కలేదు తల్లీ. వాళ్లకు కావలసింది ట్యూషన్ కాకపోవచ్చు, మురుగు కాలువ గురించి అర్జీ రాసిపెట్టే మనిషి కావచ్చు.

చిన్నప్పుడు కూడా అంతే, ఎవరైనా ఏడిస్తే ఎందుకని అడగకముందే నీ చేతిలో ఉన్నది వాళ్ల చేతిలో పెట్టేసేదానివి. ఆ గుణం నాకు ఎంతో ఇష్టం, అది పోగొట్టుకోమని చెప్పడం లేదు. ముందు అడగమంటున్నాను, అంతే. బస్తీ నుంచి ఇద్దరు ముగ్గురిని ప్రణాళిక దశలోనే కూర్చోబెట్టుకో, వాళ్ల సమయానికి గౌరవ వేతనం ఇప్పించు. తెలుసుకున్నదంతా మీ విభాగానికి నివేదిక ఇవ్వకముందే వాళ్లకు చదివి వినిపించు, తప్పులుంటే దిద్దమను. అప్పులూ జబ్బులూ వంటి వివరాల్లో పేర్లు రాయవద్దు.

అన్నిటికంటే ముందు, పరీక్షలప్పుడూ సెలవుల్లోనూ ఆ పని ఎవరు చూస్తారో మీ విభాగాధిపతి చేత కాగితం మీద రాయించుకో. నీకు బదిలీ అయినా, పదోన్నతి కోసం వ్యాసాలు రాసుకోవలసి వచ్చినా ఎవరికి అప్పగిస్తావో అందులోనే ఉండాలి. అది చేతికి వచ్చేదాకా బస్తీలో ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. దాని నకలు నాకూ పంపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ